సీడు పత్తి దినాల్లో చంద్రుడి పోటీ

అయిజ దగ్గర ఒక ఊళ్ళో సైన్సు చెబుతున్నాను. సీడు పత్తి క్రాసింగ్ మొదలైందంటే మా బడిలో ఆడపిల్లల బెంచీలు ఖాళీ. విత్తనం కోసం సాయంత్రం మొగ్గ విప్పి లోపలి కేసరాలు గిల్లి, మర్నాడు పొద్దున ఆ పువ్వుకు మగ పువ్వు పుప్పొడి అద్దాలి. చిన్న వేళ్ళయితే పని చకచకా సాగుతుందని పిల్లల్నే దింపుతారు. ఏటా ఇల్లిల్లూ తిరిగి, అడిగి, అరిచి, ఇప్పుడు అరిచే ఓపిక కూడా పోయింది నాకు.

నిరుడు గద్వాలలో సైన్సు సెమినార్ పెట్టారు. చంద్రుడి మీదికి ఆసియా దేశాల పోటీ, అదీ అంశం. తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఉంది, నోరు విప్పిందంటే మా హెడ్మాస్టరు కూడా ఫోను పక్కన పెట్టి వింటాడు. మనది మొదటిసారి కూలిపోయి రెండోసారి దక్షిణ ధ్రువం దగ్గర దిగడం, చైనా మనకు కనబడని అవతలి వైపు నుంచి మట్టి తేవడం, జపాన్‌ది బోర్లా పడి కూడా ఫొటోలు పంపడం అన్నీ కళ్ళకు కట్టినట్టు చెప్పేది. అందరూ కలిసి పోతే ఖర్చు తగ్గుతుంది గదా, ఎందుకు పోరు మేడం అని నన్నే అడిగింది.

ఇంకో వారంలో సెమినార్ అనగా పిల్ల మాయం. చేనుకు పోయాను. వాళ్ళమ్మ కౌలుకు చేస్తున్న చేను. కూలీలు దొరకని కాలం. ఒక్క రోజుకు పంపమని బతిమాలితే ఆమె చేతులాపకుండానే అంది.

"ఈ పువ్వు ఇయ్యాల తప్పితే రేపటికి పనికి రాదు టీచరమ్మా. చంద్రుడు యాడికి పోతడు?"

ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియలేదు. ఆ రోజు నీ బిడ్డ పట్టే పత్తి సాలు నేను పడతానక్కా అనేశాను. ఆమె నమ్మలేదు. చిన్నప్పుడు నేనూ ఈ పని చేసినదాన్నే. చదువుకుని తప్పించుకున్నాననుకున్నాను.

సెమినార్ రోజు సెలవు పెట్టి, పిల్లను సోషల్ టీచరుతో గద్వాల బస్సెక్కించి, కొంగు నడుముకు దోపుకుని సాలులో నిలబడ్డాను. వేళ్ళు పని మరిచిపోలేదు. దానికే ఏడుపొచ్చింది. ఇప్పుడు మాట్లాడుతోందేమో, తడబడిందేమో అని పువ్వు పువ్వుకూ అదే ధ్యాస. నేర్పింది నేను, వినే భాగ్యం ఇంకెవరికో.

సాయంత్రం మళ్ళీ మొగ్గలు గిల్లుతుండగా పిల్ల గట్టు మీద పరిగెత్తుకొచ్చింది. ఫస్టొచ్చింది. తల్లి దాని చెంపలు నిమిరి మెటికలు విరిచింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. వచ్చే నెల హైదరాబాదులో రాష్ట్ర పోటీలని, పోను రాను మూడు రోజులని పిల్ల చెప్పింది. చెప్పి తలొంచుకుంది.

తల్లి చేను వైపు చూసింది, బిడ్డను చూసింది, చివరికి నన్ను చూసింది.

"మూడు దినాలంట టీచరమ్మా. వస్తరా మల్ల?"

పట్టేసిన నడుం మీద చెయ్యేసుకుని నిటారుగా నిలబడ్డాను. పిల్ల తలెత్తలేదు.

"వస్త," అన్నాను. "రాక ఏం జేస్త."