అన్న కోసిన లైన్లు

అన్న పోయాడని ఆయన బిడ్డ ఫోన్ చేసి చెప్పింది. పొద్దున నేను చాయ్ తాగుతున్నాను. "కాకా, బాపు లేడు" అంది. ఎప్పుడు, ఎట్లా అని కూడా అడగలేకపోయాను. గ్లాసు కింద పెట్టి చొక్కా వేసుకున్నాను.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. హన్మకొండలో ఒక ప్రెస్సులో ఆయన పేజీలు కట్టేవాడు, నేను ప్రూఫులు దిద్దేవాణ్ణి. ముప్పై ఏళ్లు ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన పోయిన రోజు బాగా ఏడ్చాను. ఇది రాస్తున్న ఈ రోజు ఏడుపు రావడం లేదు. ప్రెస్సు పనివాళ్లం నడుపుకునే ఈ పత్రికకు అన్న గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. మంచి రాస్తాను. మిగిలింది కూడా రాస్తాను.

మాది నెక్కొండ దగ్గర పల్లె. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. పని కోసం వచ్చిన మొదటి రోజు అన్న ఒక కాగితం నా చేతిలో పెట్టి చదవమన్నాడు. నాలుగు తప్పులు చూపించాను. అందులో ఒకటి ఆయనకూ కనబడలేదట. "నీ కన్ను మంచిదిరా తమ్మీ. రేపటి సంది వచ్చెయ్" అన్నాడు. నన్ను ఎవరైనా అట్లా మెచ్చుకోవడం అదే మొదలు.

కంప్యూటర్‌లో కొట్టిన మ్యాటరును నేను రాతప్రతితో పోల్చి చూసి, పక్కన పచ్చ పెన్నుతో టిక్కు పెట్టేవాణ్ణి. తర్వాత అది అన్న చేతికి పోయేది, మళ్లీ నా దగ్గరికి వచ్చేది కాదు. మొదట్లో బ్లేడుతో కోసి, పేజీ కొలతకు అతికించేవాడు. పోను పోను అంతా తెర మీదే అయింది. అయినా ఆయన ప్రతి పేజీకీ ప్రింటు తీసేవాడు, తలకిందులుగా తిప్పి కిటికీ వెలుతురుకు పట్టుకునేవాడు.

"అట్ల పట్టుకుంటె ఏం చదువుతవే అన్నా?" అని ఒకసారి అడిగాను.

"నేను చదువ. నేను చూసేటోన్ని, నువ్వు చదివేటోనివి" అన్నాడు.

తెలుగు పేజీ మొండిది. పేరా చివరి లైను ఒక్కటే పక్క పేజీ నెత్తిన పడితే అన్నకు అన్నం సయించేది కాదు. కొత్త ఆపరేటర్లు లైన్లను దగ్గరికి జరిపి సర్దేసేవాళ్లు. ఆయన ఒప్పుకునేవాడు కాదు. జరిపితే పై లైను వత్తు పోయి కింది లైను గుడికి తగులుతుంది. "అక్షరానికి గాలాడాలెరా. ఉక్కపోస్తె చదివేటోడు పుస్తకం మూసేస్తడు" అనేవాడు. బొమ్మను అర అంగుళం తగ్గించేవాడు. పేరాల మధ్య జాగా పంచేవాడు. పొడుగు మాటను లైను చివర విరిచేవాడు. ఆయన కట్టిన పేజీల్లో రెండు వైపులా అంచులు దారం పట్టి గీసినట్టు ఉండేవి.

పుస్తకాలు పదహారు పేజీల ఫారాలుగా అచ్చవుతాయి. నాలుగు ఫారాల పుస్తకం అరవై నాలుగు పేజీల్లో అయిపోవాలి. ఒక్క లైను మిగిలినా ఇంకో ఫారం ఖర్చు. అన్న చేతిలో అరవై ఐదో పేజీ ఎన్నడూ రాలేదు. లైన్లన్నీ సరిపోగానే "పేజీ కూసున్నది" అని బ్లేడును కాగితంలో మడిచి జేబులో పెట్టుకునేవాడు. ఆ మాట వింటే నాకు కూడా కడుపు నిండినట్టుండేది.

అప్పుడప్పుడు, పుస్తకం అచ్చయ్యాక, రాసినాయన వచ్చి ఫలానా లైను లేదనేవాడు. తొర్రూరు నుంచి ఒక రిటైర్డ్ టీచరు వచ్చి నా బల్ల మీద పుస్తకం కొట్టాడు. "చదివే దిద్దినవా? ఊకనే టిక్కులు పెట్టినవా? గుడ్డోన్ని కూసోబెట్టినా ఇంతకన్నా నయముండు!" నేను తల దించుకుని నిలబడ్డాను. అన్నే లేచి వచ్చాడు. "పోనియుండ్రి సార్. మనిషి కన్ను, మిషను గాదు గదా" అన్నాడు. నన్ను వెనకేసుకొచ్చాడనుకున్నాను. ఆ సాయంత్రం ఆయనకు దండం పెట్టినంత పని చేశాను.

ఇంకోసారి కొత్తవాడ నుంచి, నేల మీద పరుచుకునే దర్రీలు నేసే నేతగాడు ఒకాయన వచ్చాడు. దర్రీల పని మీద ఒక చిన్న పుస్తకం వేశాం. చివర అక్కడి నేతగాళ్ల పేర్లు, లైనుకొకటి. ఆయన పుస్తకాన్ని తువ్వాలలో చుట్టి తెచ్చాడు. కోపం లేదు. అదే నాకు ఎక్కువ బాధయింది.

"మనుమరాలితోని చివరిదాంక చదివించిన. అందరి పేర్లున్నయి. నా పేరేది అల్లుడా? నలభై ఏండ్లు నేసిన. ఒక్క లైనుకు గతిలేకపోయిన్నా?"

చేతులు పట్టుకుని, తప్పు నాదే మామా అన్నాను. అన్న తన బల్ల దగ్గర నుంచే, "కూసో మామా, చాయ్ తాగు. మావోడు మంచోడే. కన్ను తప్పింది" అన్నాడు.

అప్పటి నుంచి నా కన్ను మీద నాకు నమ్మకం పోయింది. స్కేలు పెట్టుకుని లైను లైను చదివాను. కింది నుంచి పైకి చదివాను. కంటి దవాఖానకు పోయాను. డాక్టరు ఏమీ లేదన్నాడు. డాక్టరుకే తెలియదనుకున్నాను. నా భార్య నవ్వింది. "బియ్యంల రాయి దాగది నీ కంటికి. అక్షరాలే దాగుతున్నయా?" అంది. అయినా ఒకటో రెండో లైన్లు పోతూనే ఉన్నాయి. మూడేళ్ల కింద, ఇక నాతో కాదని అన్నతో చెప్పాను.

"నీ కన్నుకేం గాలె. జర ఆగు" అన్నాడు.

"లేదన్నా. మంది పుస్తకాలు ఖరాబు చేస్తున్న."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. చేతిలో పేజీ లేదు. ఆ రోజు ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. నేను పెన్నులు సంచిలో వేసుకుని వచ్చేశాను.

దినాలు అయినాక ఆయన బిడ్డ పిలిచింది. "కాకా, బాపు బీరువాల అన్నీ కాయితాలే. ఏది ఉంచాల్నో ఏది తీసెయ్యాల్నో నువ్వే చూడు." చూస్తుంటే అట్ట వేసిన నోటుపుస్తకం ఒకటి దొరికింది. లోపల ప్రతి పేజీలో సన్నటి కాగితం ముక్కలు అతికించి ఉన్నాయి. ఒక్కో ముక్క ఒక్కో లైను. కింద అన్న రాతలో పుస్తకం పేరు, పేజీ నంబరు. కొన్ని ముక్కల పక్కన పచ్చ టిక్కు సగం తెగి ఉంది.

అది నా టిక్కు.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. తొర్రూరు సారు లైను ఉంది. కొత్తవాడ మామ పేరూ ఉంది. నన్ను తిట్టిన వాళ్ల లైన్లన్నీ ఉన్నాయి. నేను చదివాను. దిద్దాను. టిక్కు పెట్టాను. ఆ తర్వాత పేజీ కూర్చోవడానికి అన్న కోసేశాడు. తెర మీద తీసేసినప్పుడు కూడా ప్రూఫులోని ముక్కను కోసి దాచాడు.

"ఏంది కాకా అది?"

"మీ బాపు పని, బిడ్డా" అన్నాను. ఆ నోటుపుస్తకం అడిగి తెచ్చుకున్నాను.

మరునాడు కొత్తవాడ పోయాను. తప్పు నాది కాదని ఒక్క మనిషికైనా చెప్పుకోవాలనిపించింది. మామకు ఎనభై దాటాయి. మగ్గం ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు. పేరున్న ముక్క తెరిచి చూపించాను. "నేను వదిలిపెట్టలే మామా. అన్న కోసిండు" అన్నాను.

ఆయన ముక్క వైపు చూడనే లేదు. "నాకు తెల్సు అల్లుడా."

"తెల్సా?"

"ఆ ఏడే మీ అన్న వచ్చిండు. గీ అరుగు మీద్నే కూసున్నడు. నేనే కోసిన మామా, ఒక్క లైను పట్టలేదు, అని చేతులు పట్టుకున్నడు. పెద్దమనిషి ఏడ్చిండు."

"మరి నాకు?"

"నీకు చెప్పొద్దని నాతోని ఒట్టేపిచ్చుకున్నడు. వానికి తెలిస్తె ఇగ నా ఎదురుంగ కూసోడు, అన్నడు. ఇప్పుడు ఆయనే లేడాయె, ఇగ ఒట్టేంది."

అన్న క్షమించమని అడిగాడు. మామను అడిగాడు, నన్ను అడగలేదు. ఆయన భయం నిజమే కావచ్చు, తెలిస్తే నేను కూర్చునేవాణ్ణి కాదేమో. కూర్చున్నా కూర్చునేవాణ్ణేమో. అది తేల్చుకోవలసింది నేను. ఆ లైను కూడా ఆయనే కోసేశాడు. నా కన్ను మంచిదని చెప్పి చదివే పని ఇచ్చినవాడు ఆయనే. ఆ కన్ను గుడ్డిదని నన్ను నమ్మనిచ్చినవాడూ ఆయనే. ఈ రెండింటినీ ఒక్క పేజీలో ఎట్లా కూర్చోబెట్టాలో నాకు తెలియడం లేదు.

నోటుపుస్తకం మూయబోయాను. మామే అన్నాడు, "ఆ ముక్క నాదే గదా? అతికియ్యి మరి" అని. లోపలి నుంచి పుస్తకం తెప్పించాడు. కోడలు మైదాపిండి ఉడికించి గిన్నెలో తెచ్చింది. నోటుపుస్తకంలోని ముక్కను నీళ్లతో తడిపి మెల్లగా ఊడదీశాను. చివరి పేజీలో జాగా ఎక్కడా లేదు. అన్న అంత బిగువుగా కట్టాడు. కింద పేజీ నంబరు ఉంది, దాని కింద వేలెడు తెల్ల కాగితం ఉంది. అక్కడ పెట్టాను.

"వంకర పోయింది మామా."

"పోనియ్ తియ్."

పుస్తకాన్ని తెరిచినట్టే అరుగు మీద ఎండలో పెట్టాం. గాలికి మూసుకోకుండా ఆయన దర్రీ పోగులు కొట్టే ఇనుప పంజాను కుడి వైపు వెనక అట్ట మీద పెట్టాడు. ఎడమ పేజీలో, పేజీ నంబరుకు కింద, పిండి తడి ఆరుతూ ఉంది. ఆరేకొద్దీ ఆయన పేరు ఒక చివర కొంచెం పైకి లేస్తోంది. మామ వేలితో దాన్ని మళ్లీ మళ్లీ అదుముతూ కూర్చున్నాడు.