పొద్దుటి ప్యాసింజర్‌లో అవ్వ సోపతి

మా చిన్నప్పుడు... తెల్లారి వచ్చే ప్యాసింజర్ మా ఊరి హాల్టులో ఇలా ఆగి అలా కదిలేది. ఆ కాస్త సేపట్లోనే సీతాఫలాల గంపలు, సద్దిమూట, నేను... అన్నీ బోగీలోకి ఎక్కాలి. మా అవ్వ ఎల్లమ్మ ముందు గంపల్ని తోసి, తర్వాత నన్ను తోసి, ఆఖరికి తను ఎక్కేది.

తెలంగాణ వచ్చిన కొత్త రోజులవి. నేను మూడో తరగతి. పాలమూరు దగ్గర చిన్న పల్లె మాది. దసరా సెలవులొస్తే అవ్వ వెంట కాచిగూడ పోవడమే నాకు పండుగ. గుట్టల మీద కోసిన కాయల్ని అవ్వ అక్కడ స్టేషన్ బయట కూర్చుని అమ్మేది.

మా తర్వాత కొంత దూరంలో ఇంకో చిన్న స్టేషన్. అక్కడ చంద్రమ్మ ఎక్కేది... ఉడకబెట్టిన పల్లికాయల గంపతో. ఆమె ఎక్కగానే బోగీ అంతా ఆ ఉప్పటి వాసనే. అవ్వ ముందే తన పక్కన కొంగు పరిచి జాగా ఆపేది. ఎవరైనా కూర్చోబోతే, "మా చంద్రి వస్తది, జర అటు జరుగు" అనేది.

ఇద్దరూ మాటల్లో పడితే షాద్‌నగర్ ఎప్పుడు దాటిందో కూడా తెలిసేది కాదు. కొడుకు తాగుడు, కోడలి అలక, మోకాళ్ల నొప్పులు, పడని వాన... అన్నీ ఆ సీటు మీదే.

మా తాత పోయినప్పుడు అవ్వ ఇంట్లో ఎవరి ముందూ ఏడవలేదు. కర్మకాండ అయ్యాక రైలెక్కి, చంద్రమ్మ భుజం మీద తల పెట్టి కాచిగూడ దాకా ఏడ్చింది. చంద్రమ్మ కొంగుతో అవ్వ మొహం తుడిచి, "దిగేటిదొచ్చింది ఎల్లీ, గంప అందుకో" అన్నది.

ఇన్నేళ్ల సోపతిలో ఒకరింటికి ఒకరు పోలేదు. ఇద్దరి దగ్గరా ఫోన్ లేదు. అవసరమేముంది... పొద్దున లేస్తే రైలు ఉంది కదా!

అప్పుడే మా లైన్ పక్కన రెండో పట్టాల పని మొదలైంది. కరెంటు స్తంభాలు పాతుతుంటే అవ్వ కిటికీలోంచి చూసి సంబరపడేది.

"ఇగ రైళ్లు మస్తుగ వస్తయే చంద్రీ! ఒకటి పోతే ఇంకోటి."

"గట్లనన్న మనకు కాళ్లు సాపుకోను జాగ దొరుకుతది" అని చంద్రమ్మ నవ్వేది.

రైళ్లు నిజంగానే ఎక్కువయ్యాయి... మాకు కాదు.

కరోనా వచ్చి అన్నీ బంద్ అయ్యాయి. మళ్లీ రైళ్లు తిరగడం మొదలయ్యాక మా హాల్టులో ఏదీ ఆగలేదు. చంద్రమ్మ ఎక్కే చోటా అంతేనని విన్నాం. అయినా అవ్వ కొన్నాళ్లు పొద్దున్నే పోయి నిలబడింది. దుమ్ము లేపుకుంటూ రైలు పోయేది. కిటికీల్లో మొహాలు కూడా ఆనేవి కావు. కాయల్ని ఊళ్లోకి వచ్చే ఆటోవాడికి అడిగినకాడికి ఇచ్చేసి ఇంటికొచ్చేది. అన్నం ముందు కూర్చుని, "చంద్రి ఎట్లున్నదో..." అనేది.

రైలుకైతే దగ్గరే. రోడ్డున పోవాలంటే బస్సులు మారాలి, ఆపైన ఆటో ఎక్కాలి. పైగా ఆ స్టేషన్ చుట్టూ చాలా ఊళ్లు... చంద్రమ్మది అందులో ఏదో అవ్వకు తెలియదు. "ఎవలో రైల్ల కలిసినామె కోసం ఊర్లు పట్టుకొని తిరుగుతవా?" అని బాపు తన తల్లిని కసిరేవాడు.

చివరికి ఇంటర్ పరీక్షలయ్యాక నేనే తీసుకుపోయాను. ఊరూరా అడిగాం, "పల్లికాయలు పట్నం తీస్కపోయే చంద్రమ్మ ఇల్లు ఏడుంది?" అని. సాయంత్రానికి ఒక కిరాణా కొట్టాయన చెయ్యెత్తి ఇల్లు చూపించాడు.

వాకిట్లో చంద్రమ్మ కోడలు బియ్యం చెరుగుతోంది. అవ్వ పేరు చెప్పగానే చాట పక్కన పెట్టి లేచి నిలబడింది.

"రైలు ఎల్లమ్మవా నువ్వు?"

"అవు బిడ్డా. చంద్రి ఏది?"

"మా అత్త పోయి ఏడాదైంది అవ్వా... నువ్వు కరోనాల పోయినవనుకున్నది. మీ దిక్కు ఎల్లమ్మ అనే ముసలామె సచ్చిపోయిందని ఎవలో చెప్పిన్రు. ఆ దినం అన్నం ముట్టలే. తానం చేసి నీ పేరు మీద దీపం ముట్టిచ్చింది."

అవ్వ గడప పక్కన కూలబడింది. కళ్లలో నీళ్లు రాలేదు. "నేను బతికే ఉన్న గదనే..." అని మాత్రం అన్నది, ఖాళీగా ఉన్న ఇంట్లోకి చూస్తూ. కోడలు మమ్మల్ని తినకుండా పంపలేదు. అవ్వ ఓ ముద్ద మింగి చెయ్యి కడుక్కుంది.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో చదువుకుంటున్నాను. మొన్న కంటి ఆపరేషన్‌కు అవ్వ వస్తే మెట్రో ఎక్కించాను. చల్లటి గాలి, నున్నటి సీట్లు... తలుపులు వాటంతటవే మూసుకుంటే ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది. పక్కన అవ్వ ఈడు మనిషే ఒకావిడ కూర్చుంది. అవ్వను చూసి నవ్వి, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగింది.

"పాలమూరు" అని తల అటు తిప్పుకుంది అవ్వ.

దిగాక ఉండబట్టలేక అడిగాను, "ఎందుకవ్వా, ఆమె మంచిగనే పలకరిస్తే..."

"మాట్లాడితే సోపతైతది బిడ్డా. రేపు రైలు ఆగకపోతే... యాడని దేవులాడాలె?"

మీకూ ఉన్నారా... బస్సులోనో, రైల్లోనో తప్ప ఇంకెక్కడా కలవని వాళ్లు? వాళ్ల పేరు కింద రాయండి. ఏ ఊరో తెలిసి ఉంటే మాత్రం రాస్తూ కూర్చోకండి... పోయి కలవండి.