శబ్దం లేని రీలు

దెయ్యాలున్నాయంటే నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు కూడా ఇది దెయ్యం పని అని చెప్పను. ఏమనాలో తెలియకే రాస్తున్నాను.

జగదల్‌పూర్‌లో పాత క్యాసెట్లు, ఫిల్ము రీళ్లు కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. పోయిన వానాకాలంలో ఇనుప గనుల ఊరు బచేలి నుంచి పిన్ని ఫోన్ చేసింది. ఇంటికి రంగులు వేయిస్తుంటే అటక మీద బాబాయి దాచిన రేకు డబ్బా దొరికిందట. చిన్న ప్రొజెక్టర్ పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను.

బాబాయి గని కార్మికుల క్లబ్బులో ప్రొజెక్టర్ నడిపేవాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఫొటోలు ఉన్నాయి గానీ ఆయన గొంతు ఎక్కడా రికార్డు కాలేదు. అదెలా ఉండేదో కూడా మరిచిపోతున్నానని పిన్నికి దిగులు.

డబ్బాలో ఉన్నది ఓ బ్రిటిష్ టీవీ సీరియల్లోని ఒక భాగం. దీవిలో చిక్కుకున్న నావికుల కథ. పేరున్న పాత సాహస నవల ఆధారంగా తీసింది. పోయిన పాత సీరియళ్లు వెతికే ఓ ఇంగ్లండు మనిషికి రీలు ఫొటో పంపితే వెంటనే ఫోన్ చేశాడు. అక్కడ ఆ టేపులన్నీ చెరిపేసి మళ్లీ వాడుకున్నారట. ఒక్క భాగమూ మిగల్లేదట. ఇది బయటి దేశాలకు పంపడానికి ఫిల్ము మీదికి ఎక్కించిన కాపీ అట.

ఫిల్ము అంచున ఉండాల్సిన శబ్దపు చార దీనికి లేదు. శబ్దం వేరే టేపు మీద ఉండేది. అది బచేలికి రానేలేదు. అందుకే బాబాయి తెర పక్కన నిలబడి కథంతా తెలుగులో చెప్పేవాడని పిన్ని అంది.

మధ్యాహ్నం కిటికీలు మూసి, బొమ్మ గోడ మీద వేశాను. స్పీకర్ తీగ కలపనే లేదు. కాసేపటికి యంత్రం చప్పుడు కింద నుంచి ఒక గొంతు వినిపించింది.

"అదిగో, ఓడ ఒరిగిపోతంది, సూడండి."

స్పీకర్ తీగ వైపు చూశాను, విడిగానే ఉంది. "మీ బాబాయిరా," అంది పిన్ని మెల్లగా.

గొంతు తొందరపడకుండా కథ చెబుతూ పోయింది. నావికులు తీరం చేరారు. అంతలో, "ఆగండమ్మా, తెగిపోనాది," అంది. గోడ మీద బొమ్మ ఇంకా నడుస్తూనే ఉంది. నేను తల తిప్పేలోపు ఫిల్ము పటుక్కున తెగింది.

అతికించి మళ్లీ వేశాను. గొంతు రాలేదు. మొదటి నుంచి వేశాను. రాలేదు. ఫోన్లో రికార్డు చేయాలన్న ఆలోచన అప్పటికిగానీ తట్టలేదు.

"రీలు ఆళ్లకిచ్చెయ్యి," అంది పిన్ని కళ్లు తుడుచుకుంటూ. "నాకిక సాలు."

ఇప్పుడది ఇంగ్లండులో ఉంది.

మేమిద్దరమే విని ఉంటే, భ్రమపడ్డామని సరిపెట్టుకునేవాణ్ణి. కానీ నేను బయల్దేరుతుంటే పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చింది. ఆ వీధికి కొత్త, బాబాయిని ఎరగదు. "మెహమాన్ ఆయే హై క్యా?" అని హిందీలో అడిగింది. చుట్టాలెవరూ రాలేదన్నాను. మరి ఇందాక కథ చెప్పిన పెద్దాయన ఎవరంది. భాష తెలియకపోయినా గొంతు బాగుందట. మళ్లీ చెప్పేటప్పుడు పిల్లల్ని పంపనా అంది.