వంకాయ మీద పడిన నింద

ఈ రోజు పొద్దున స్నానం చేయిస్తుంటే పాప నడుము చుట్టూ ఎర్రటి దద్దుర్లు కనిపించాయి. మా అత్త వెంటనే తేల్చేసింది: "పాలిచ్చేదానివి, వంకాయ తినాకు అంటే నా మాట యాడ ఇంటాండావు!"

నేను తిన్న వంకాయకు పాప నడుమొక్కటే దొరికిందా? చెంపలు, చేతులు బాగానే ఉన్నాయి. అత్త పత్తికొండ సంతలో కొని నిన్న కట్టిన నల్ల మొలతాడును తడిగుడ్డతో తుడిచాను. గుడ్డకు నల్లరంగు అంటింది. కత్తెర తెచ్చి తాడు తెంచేశాను.

"బిడ్డకు దిష్టి తగుల్తాది!"

"కాటుక చుక్క పెడ్తా లే అత్తా. ఆ తాడు మాత్రం మళ్లా కట్టేది లేదు."

సాయంత్రానికి ఎరుపు కాస్త తగ్గింది. ఇప్పుడు పొయ్యి మీద గుత్తివంకాయ ఉడుకుతోంది. బిడ్డకు ఏమైనా ముందు తల్లి కంచంలోకి తొంగిచూసేవాళ్లు మీ ఇళ్లలోనూ ఉన్నారా? ఉంటే పంపండి, ఓ ముద్ద పెడతాను.