షట్టర్ గదిలో జర్మనీ కారు

జర్మనీ కారు గురించి తెలుసుకోవాలంటే నన్ను అడగండి. తాండూరులో ఇరవై ఏళ్ళుగా జాకెట్లు కుట్టుకుంటున్నదానికి కార్ల సంగతేం తెలుసనుకోకండి. ఆ కారు మూడేళ్ళు నా దుకాణంలో కూర్చుంది. దాని దగ్గు, దాని అలక, దాని చెమట అన్నీ నేను చూసినవే.

మాది రోడ్డు పక్క ఇల్లు. ముందు గదికి షట్టర్ ఉంది, అదే నా దుకాణం. ఒక మిషన్, ఒక కత్తిరింపు బల్ల, కొలతలు తీసుకోవడానికి మూలన ఒక పరదా. ఎప్పుడూ వచ్చే గిరాకీల కొలతలు గోడ మీద పెన్సిల్‌తో రాసుకునేదాన్ని. పుస్తకమైతే పోతుంది, గోడ ఎక్కడికి పోతుందని నా ధీమా.

మా ఆయనకు ఊరి చివర నాపరాళ్ళు పాలిష్ చేసే యూనిట్ ఉంది. ఒకసారి హైదరాబాదు నుంచి వచ్చిన బిల్డర్ ఒకడు కారు కూడా దిగకుండా, అద్దం సగం దించి బేరమాడి వెళ్ళిపోయాడట. ఆ ఎండలో నిలబడి మాట్లాడిన మా ఆయన బుర్రలో అప్పుడే పురుగు దూరింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, "రాయిని జూసి రేటు కడ్తలేరే. బండిని జూసి కడ్తున్నరు" అన్నాడు. అదేదో గొప్ప వ్యాపార రహస్యం తెలిసినట్టు రెండు రోజులు అదే మాట.

నెల తిరగకుండానే హైదరాబాదులో పాత కార్లమ్మేవాడి దగ్గర ఆ కారు కొన్నాడు. ఏడేళ్ళు వాడిందట, ఒక డాక్టరు గారిదట. డాక్టరు ఎందుకు అమ్ముకుంటున్నాడని మాత్రం అడగలేదు. రోగం ముదిరిందో లేదో డాక్టరుకు కాక ఎవరికి తెలుస్తుంది?

మా ఊళ్ళో గాలి వీస్తే రాతిపొడి. అంత ఖరీదైన రంగు మీద పొడి పడితే గీతలు పడతాయని అమ్మినవాడు చెప్పాడట, నీడన పెట్టమన్నాడట. మా ఆయన చూపు నా షట్టర్ మీద పడింది. నా టేపుతోనే దాని వెడల్పు కొలిచాడు.

"సరిగ్గ పడ్తదే! రెండంటే రెండు నెలలు. పక్కన రేకుల షెడ్డు ఏపిస్త, నీ దుకాణం నీకిస్త" అన్నాడు.

మిషన్ వంటింటి పక్క సామాన్ల గదిలోకి వెళ్ళింది. కారు రాబోతోందని గోడలకు సున్నం కూడా వేయించాడు. పదిహేడేళ్ళ కొలతలు ఒక్క పూటలో తెల్లబడిపోయాయి. చిన్నప్పుడు గౌన్లకు వచ్చి, పెళ్ళి జాకెట్లదాకా నా దగ్గరే కుట్టించుకున్న ఆడపిల్లల లెక్కలవి. బ్రష్షు పట్టుకున్నవాడికి అవేమిటో తెలియదు. మా ఆయనకు తెలుసు, అయినా ఆగమనలేదు.

తర్వాత నా దగ్గరికి రావాలంటే గిరాకీ ఆ కారు పక్కనుంచి ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిచి, మా హాలు దాటి, వంటింటి పొగలోకి రావాలి. హాల్లో మా మామ టీవీ ముందు పడుకుని ఉంటాడు. ఏ ఆడమనిషి వస్తుంది చెప్పండి? పరదా పాటించే ఇళ్ళవాళ్ళు ముందు మానేశారు. నా పాత గిరాకీ ఒకావిడ, ఖాలా అని పిలుస్తాను, ఒకరోజు షట్టర్ దగ్గర ఆగి లోపలికి తొంగిచూసి నవ్వింది.

"క్యా బేటీ, మిషన్ జాగాల మోటర్ కూసున్నదా? ఏం కుడ్తది గిది?"

ఏం కుట్టలేదు ఖాలా, మా జేబులు చింపింది, అందామనుకున్నాను.

ఎందుకంటే అప్పటికే దాని రోగాలు మొదలయ్యాయి. ముందు ఒక పసుపుపచ్చ దీపం వెలిగింది. ఆ దీపం ఆర్పడానికి హైదరాబాదుకు తీసుకుపోతే ఒక సెన్సర్ మార్చారు. వేలెడంత ప్లాస్టిక్ ముక్క. దాని ఖరీదుకు నేను లైనింగ్ జాకెట్లు ఎన్ని కుట్టాలో లెక్కవేసి, తల తిరిగి, మళ్ళీ లెక్కవేయడం మానేశాను. తర్వాత నీళ్ళ పంపు, తర్వాత ఏసీ, తర్వాత రోడ్డు మీద రాయి తగిలి ఇంజన్ కింది చాంబర్ పగిలి ఆయిలంతా కారిపోవడం. ప్రతిసారీ ఆయన ఇంటికొచ్చి, "అయిపాయె. ఇగ ఏం రాదు" అనేవాడు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. జ్వరం తగ్గిన పిల్లవాడి గురించి చెప్పినంత ప్రేమగా చెప్పేవాడు మరి.

ఒకసారి నేనూ ఆ సర్వీస్ సెంటర్‌కు వెళ్ళాను. చల్లటి హాలు, కాఫీ మిషను, టై కట్టుకున్న కుర్రాళ్ళు. వాళ్ళలో ఒక్కడి గోళ్ళలో కూడా నల్లటి గ్రీజు లేదు. బాగుచేయడం అనే మాట వాళ్ళ నోట వినలేదు. "మొత్తం అసెంబ్లీ మార్చాలి మేడమ్" అంటారు, నవ్వుతూ. గుండీ ఊడితే జాకెట్టు పారేసి కొత్తది కుట్టించుకోమని నేను చెప్పగలనా? మా తాండూరు లారీ మెకానిక్ ఉస్తాద్ నయం. బానెట్ ఎత్తి చూసి, చేతులు తుడుచుకుని, "గీ బండి నన్ను ముట్టనియ్యదు సేటూ. దీనికి పానా గాదు, కంప్యూటర్ గావాలె" అని దండం పెట్టాడు. తెలియనిది తెలియదని చెప్పి, డబ్బులు తీసుకోనివాడు ఆ మూడేళ్ళలో అతనొక్కడే.

వికారాబాద్‌లో మా అక్క ఇంట్లో శుభకార్యానికి అందులోనే బయల్దేరాం. అనంతగిరి గుట్ట ఎక్కుతుంటే వేడెక్కి ఆగిపోయింది. పట్టుచీర కట్టుకుని రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాను. మా తోడికోడలు ఎక్కిన బస్సు మా ముందు నుంచే వెళ్ళింది. ఆమె కిటికీలోంచి చూసింది, చెయ్యి మాత్రం ఊపలేదు. ఎగతాళి చేసినా బాగుండేది. చివరికి ఆటోలో వెళ్ళి, భోజనాల వేళకు చేరాం.

సాయంత్రానికి చల్లారిన ఆ కారులోనే తిరిగి బయల్దేరాం, అదే దాని ఆఖరి ప్రయాణం. ఎట్లాగో ఇంటికి వచ్చి, వెనక్కి నడిపి గదిలో పెట్టాడు. తెల్లారి ఇంజన్ మోగుతుంది కానీ గేరు పడదు. ముందు చక్రాలు బిగుసుకుపోయాయి. హైదరాబాదు నుంచి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చినవాడు గేరు పెట్టె మొత్తం మార్చాలన్నాడు. కారు కొన్న ధరలో సగానికి పైగా చెప్పాడు. మా ఆయన తల ఊపి, టీ తాగించి, పంపించేశాడు.

ఆ తర్వాత ఆయన చేసిన పని చెప్పాలంటే ఇప్పటికీ నాకు అసహ్యమే. రోజూ పొద్దున్నే కారు తుడిచేవాడు. షట్టర్ సగం ఎత్తేవాడు, దాని ముక్కు మీది గుర్తు రోడ్డున పోయేవాళ్ళకు కనబడేంత వరకే. ఎవరన్నా అడిగితే, "సర్వీసింగుకు పోవాలె, టైం దొరుకుతలేదు" అనేవాడు. అని, సంచి పట్టుకుని రాళ్ళ బాకీల వసూలుకు వికారాబాద్ రైలెక్కేవాడు. ఊరంతా ఆయన్ని స్టేషన్లో చూస్తూనే ఉంది.

ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. నా చేతిలో చీరలకు కుట్టే నాలుగు ఫాల్స్, రెండు పికోలు తప్ప పని లేదు. అప్పుడు ఖాలా మళ్ళీ వచ్చింది. మనవరాలి పెళ్ళట. పదకొండు జతలు కుట్టాలి.

"పిల్ల మీ వంటింట్లకు రాదు బేటీ. పరదా ఉన్న నీ ముందల అర్రల్నే కొలతలియ్యాలె. శుక్రవారం దాక జూస్త. లేకుంటె పెద్దరోడ్డు మీది కొత్త దుకాణంకు పోత."

ఆ రాత్రి మా ఆయనకు చెప్పాను. "జర ఆగు, పార్టీ ఉన్నది, అమ్ముత" అన్నాడు. ఆ పార్టీని ఎనిమిది నెలల నుంచీ వింటున్నాను.

గురువారం ఆయన రైలెక్కగానే నేను యూనిట్‌కు వెళ్ళాను. పెద్ద హమాలీతో, "షట్టర్ల కెళ్ళి బండి దియ్యాలె, వస్తరా?" అన్నాను. అతను ఎందుకని అడగలేదు. "గంతేనా అక్కా? రోజూ దీనికన్న బరువులే జరుపుతం" అని, ఇంకో ముగ్గురిని, రాళ్ళు మోసే ట్రాలీని వెంటపెట్టుకుని వచ్చాడు. జాకీతో ముక్కు పైకెత్తారు, బిగుసుకున్న చక్రాలు ట్రాలీ మీదికి ఎక్కించారు, ఇద్దరు గుంజారు, ఇద్దరు నెట్టారు. కంప్యూటర్ అడగలేదు, అసెంబ్లీ మార్చలేదు. టీ కాగేలోపల కారు రోడ్డు పక్క ఎండలో ఉంది. అది వచ్చినప్పటి నుంచి ఏ గొడవా లేకుండా కదిలింది ఆ ఒక్కసారే.

గది కడిగాను. ఆయిల్ మరక పోలేదు, దాని మీద చాప పరిచాను. మిషన్ తెచ్చుకున్నాను, పరదా కట్టుకున్నాను. సాయంత్రం రైలు దిగి వచ్చిన ఆయన కారును చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ కారునే చూశాడు. అరుస్తాడని నేను సిద్ధంగా ఉన్నాను.

"పొద్దటి సంది ఎండల్నే ఉన్నదా? కవరన్న కప్పకపోతివి" అన్నాడు.

మూడేళ్ళ తర్వాత ముందు గదిలో నా మిషన్ చప్పుడు వింటూ ఆ మనిషి అన్న మాట అది.

శుక్రవారం ఖాలా వచ్చింది, మనవరాలు వచ్చింది. పరదా వెనక ఒక్కొక్క కొలతా చెప్పుకుంటూ సున్నం గోడ మీద మళ్ళీ మొదటి నుంచి రాశాను. వాళ్ళు వెళ్ళాక గుడ్డ కత్తిరిస్తుంటే బల్ల మీది టేపు కనబడలేదు. బయట చూస్తే మా ఆయన దగ్గర ఉంది. కారు పొడుగు కొలుస్తున్నాడు. రెండు నెలల్లో వేయిస్తానన్న రేకుల షెడ్డుకు అవి కొలతలు. టేపు చాలక, ఒక కొస నిలవక, అవస్థ పడుతున్నాడు.

"ఏమే, జర గీ కొస పట్టు" అని పిలిచాడు.

ఇంతసేపూ ఆయన్నే తిట్టాను కానీ ఒక మాట దాచాను. మూడేళ్ళ కింద నా షట్టర్ వెడల్పు కొలిచినప్పుడు టేపు రెండో కొస పట్టుకున్నది నేనే. మా తోడికోడలి ఇంటి ముందు ఆ కారు దిగాలని నాకూ ఉండింది. ఆ రోజు నవ్వుతూ, గట్టిగా పట్టుకున్నాను.

"ఇంటున్నవా?" అన్నాడు ఆయన బయటనుంచి.

విన్నాను. సూదిలోకి దారం ఎక్కించుకుని మిషన్ తొక్కడం మొదలుపెట్టాను.