కొండ దిగిన అద్దం

మొన్న టీవీలో, ఎక్కడో పర్వతశిఖరం మీద కడుతున్న వేధశాలలోకి పెద్ద దూరదర్శిని అద్దాన్ని క్రేనుతో దించుతుంటే, అది కుదురుగా కూర్చునేదాకా నేను కుర్చీ చేతులు వదల్లేదు. మా అద్దం దిగిన తీరు వేరు.

నౌపడ ఉప్పుమళ్ళు కనబడే కొండ మీద మా తాతగారు చిన్న వేధశాల కట్టించి, బండిచక్రమంత అద్దమున్న దూరదర్శిని పెట్టించారు. భూములు పోయి, వేధశాల కప్పు కారడం మొదలయ్యాక, అద్దం తడిసి పాడవకుండా నాన్నగారు దాన్ని ఒక కళాశాలకు ఉచితంగా ఇస్తానన్నారు, గీత పడకుండా స్టేషనుకు చేరుస్తానని మాట కూడా ఇచ్చారు. అప్పటికి మా ఇంట్లో మాట తప్ప మిగిలినదేమీ లేదు.

దించడానికి జాలర్లు వచ్చారు. పడవలను కర్రలకు కట్టి ఇసుక మీద మోసే అలవాటు వారిది. గడ్డి కూరిన పెట్టెలో అద్దం, రెండు పొడవాటి కర్రలు, కొబ్బరితాళ్ళు, ఆరుగురు మనుషులు. వెనుక తాడు పట్టుకున్న వారి పెద్ద, ఎగుడుదిగుడు మెట్లు చూసి నాతో అన్నాడు:

"మీ తాత సుక్కల్ని సూసినాడు గాని మెట్లని సూడనేదు బాబూ."

నాకు ఒళ్ళు మండింది. బరువు మొయ్యడం మన పని కాదని నాన్నగారు ముందే చెప్పి కింద నిలబడి ఉన్నారు కనుక, ఇరవై రెండేళ్ళవాణ్ణి, ఇస్త్రీ చొక్కాతో పక్కన నడుస్తున్నాను.

సగం దిగాక మెట్టు విరిగి, మధ్యలో ఉన్న ఒకతని చీలమండ మడతపడింది. అతను కూలబడగానే పెట్టె లోయవైపు ఒరిగింది. లోపల అద్దం జరిగిన చప్పుడు అందరికీ వినబడింది. జాలర్ల పెద్ద వెనక్కి వాలి తాడు బిగబట్టి నా వైపు అరిచాడు.

"ఏటి సూత్తన్నావు? బుజం ఎట్టు."

నేను నాన్నగారి వైపు చూశాను. ఆయన ముఖం తిప్పుకున్నారు. అది అనుమతో, ఏవగింపో ఇప్పటికీ తెలియదు. కర్ర కిందికి దూరాను.

"ఒరే, అడుగు కలుపు. నీ సిత్తానికి కాలు ఎయ్యకు."

మా ఇంటి మగవాణ్ణి బయటివాడు ఒరే అనడం అదే మొదలు. కోపం తెచ్చుకునే వ్యవధి లేదు. ముందున్నవాడి మడమ చూస్తూ, అతను వేసినప్పుడే వేస్తూ, ఊపిరి కూడా వాళ్ళతోపాటే పీలుస్తూ మిగిలిన మెట్లన్నీ దిగాను.

కింద నాన్నగారు స్వయంగా గడ్డి తొలగించి చూశారు. గీత లేదు. అద్దంలో చెమటపట్టిన మా ముఖాలు పక్కపక్కన, ఉన్నదానికంటే పెద్దవిగా కనిపించాయి. అప్పుడు జాలర్ల పెద్ద నా పక్కనుంచి దూరంగా జరిగి, "దెబ్బేటీ తగల్నేదు గదా బాబూ" అన్నాడు.

ఇప్పుడు ఆ కొండ మీదికి తారురోడ్డు ఉంది. ఎంత బరువైనా బండిలోనే వెళ్తుంది. మంచిదే. మాట నిలిచినందుకు ఆ పూట నేను సంతోషించాలి, కానీ అతను మళ్ళీ బాబూ అన్నందుకే చిన్నబుచ్చుకున్నాను. ఆ సంగతి నాన్నగారికి చెప్పలేకపోయాను. చెబుదామంటే ఇప్పుడు ఆయన లేరు. బరువు కింద పక్కన నిలబెట్టుకుని నన్ను ఒరే అనగలవాళ్ళు కూడా ఎవరూ లేరు.