మెట్లు దిగితే పిలుస్తారనుకున్నాను

కోయంబత్తూరులో ఆడపిల్లలందరూ సీటు కోసం దేవుళ్ళకు మొక్కుకునే కళాశాల నన్ను రమ్మంటే, వద్దని లేచి వచ్చినదాన్ని నేను. మా వీధిలో అలాంటి మొనగత్తె ఇంకొకతె ఉంటే చూపించండి. పైగా దరఖాస్తు పెట్టింది ఆ ఒక్కదానికే.

మూడుచోట్ల పెట్టమని మా బడి పెద్ద టీచరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. మార్కులు బాగానే ఉన్నా కెమిస్ట్రీకి ఇంతకంటే మంచి మార్కులవాళ్ళు వస్తారనీ, సగం అవకాశం ఉందనుకోమనీ, అంతకు మించి ఆశపడొద్దనీ అంది.

నాకు నవ్వొచ్చింది. మా నాయనది మిల్లు గేటుకు ఎదురుగా జవుళి కొట్టు. పలక పట్టకముందే గజంబద్ద పట్టినదాన్ని. ఎదుటివాళ్ళు మొదట చెప్పేది ఎప్పుడూ అసలు ధర కాదని మాకు పాలతో పాటే పట్టించారు. ఆవిడ సగం అందంటే ముప్పాతిక ఉన్నట్టే.

మా కొట్టులో ఒక పద్ధతి ఉండేది. బేరం కుదరని మనిషి లేచి మెట్లు దిగుతాడు. గబగబా దిగితే నిజంగానే పోతున్నట్టు. చెప్పులు వెతుక్కుంటూ, గొడుగు సర్దుకుంటూ దిగితే పిలవమని అర్థం. చివరి మెట్టు దాకా పోనిచ్చి నాయన కేకేసేవాడు: "ఏమప్పా, కోపమా? ఇట్లా రా, తీసుకోని పో!" ఆ కేక వింటూనే నేను పెరిగాను.

ఇంటర్వ్యూలో ప్రిన్సిపాలమ్మ నా కాగితాలు తిరగేసి, కెమిస్ట్రీ నిండిపోయింది, చరిత్ర ఇస్తాను, చేరతావో లేదో ఇప్పుడే చెప్పమంది. నిండిపోయిందట! ఆ రంగు చీర అయిపోయిందని, బీరువాలో నాలుగు పెట్టుకుని మేము చెప్పే మాట కాదూ ఇది? కెమిస్ట్రీ అయితేనే చేరతానని లేచాను. గొడుగు తీసుకున్నాను. పైట సర్దుకున్నాను. వరండా మెట్లు కొత్త పెళ్ళికూతురిలా నెమ్మదిగా దిగాను.

వెనక పిలుపు వినబడింది. నన్ను కాదు, నా తర్వాత కూర్చున్న పిల్లను. మా వీధి చివర మిల్లు కూలీల లైను ఇళ్ళలో ఉండేది. నేను గేటు చేరేలోపే చరిత్ర సీటు ఆమెదైపోయింది.

సంగతి విని నాయన గజంబద్ద కింద పెట్టాడు.

"ఎందుకమ్మిణీ లేస్తివి?"

"పిలుస్తారనుకుంటి నాయనా."

"మనం ఎందుకు పిలుస్తాము? వాని వెనకాల ఇంకొకడు లేడు గనక. అక్కడ వరండా నిండా పిల్లలు కూసోనుంటే నిన్నెవరు పిలుస్తారు? నీ మార్కు చూసుకొంటివి, నీ వెనకాల వరస చూస్తివా?"

"లేదు."

"అంగడిలో పుట్టి పెరిగినావు గదే!" అని తల కొట్టుకున్నాడు. ఆ వెంటనే పకపకా నవ్వాడు. తిట్టినా అంత మండేది కాదు.

"రేపు పోయి ఆయమ్మను బతిమాలుకో. ఏదో ఒకటి ఇస్తుంది."

"పోను."

"మరి ఏం చేస్తువు?"

"చీరలు మడుస్తా. వచ్చే ఏడు కెమిస్ట్రీకే పోతా."

మడిచాను. ఏడాది పొడుగునా మడిచాను. "ఏం అమ్మిణీ, కాలేజీకి పోలేదా?" అని అడిగిన ప్రతి మనిషికీ, కాలేజీ నాకు నచ్చలేదని చెప్పి, ఆ చీర ఒక అణా ఎక్కువకే అంటగట్టాను.

మరుసటి ఏడు మూడుచోట్ల పెట్టాను. మదురైలో మా పెద్దమ్మ ఇంటి దగ్గర ఒక చిన్న కళాశాల ఉండేది. అక్కడ దరఖాస్తు ఇచ్చే ముందు వరండాలో కూర్చుని, వచ్చిన పిల్లనల్లా ఏం అడగబోతున్నావని ఆరా తీశాను. అందరికీ ఇంగ్లీషో అర్థశాస్త్రమో కావాలి. కెమిస్ట్రీ ప్రయోగశాల అప్పుడే కట్టారట, ఆ వాసనకు భయపడి ఎవరూ అటు పోవడం లేదు. నా మార్కులు పాతవే. వెనక వరస మాత్రం లేదు.

కెమిస్ట్రీ ఇస్తాం, చేరతావా అని అక్కడి ప్రిన్సిపాలమ్మ అడిగింది. చేరతానన్నాను. నోరు ఊరుకోదే! హాస్టలు రుసుములో కాస్త తగ్గించమన్నాను. ఆవిడ మెట్లవైపు చూసింది. నేను కుర్చీ గట్టిగా పట్టుకున్నాను.

ఇక లెక్క. పోయింది పెద్ద కళాశాల పేరు. దక్కింది కెమిస్ట్రీ పట్టా, అదీ రెండో శ్రేణిలో. మిల్లు అద్దకాల విభాగంలో ఉద్యోగం, ఎంత తోమినా వదలని నీలి గోళ్ళు. చరిత్రలో ఇంకా బాగా రాణించేదాన్నేమో. తెలియని సరుకుకు ధర కట్టను. నేను వదిలిన సీట్లో కూర్చున్న పిల్ల మా బడిలోనే చరిత్ర చెప్పింది. కనిపిస్తే "మీరు మెట్లు దిగబట్టే కదక్కా!" అంటుంది. అది నా దయ కాదు గనక లాభంలో వేసుకోను. పెద్ద టీచరమ్మ చెప్పిన సగం కచ్చితంగా సగమే, తూకంలో మోసం లేదు. కెమిస్ట్రీ లేదంటే ఇవాళైనా లేస్తాను, కాకపోతే ముందు వెనక్కి తిరిగి చూసి. మిగిలింది ఒక ఏడాది నష్టం. అది నాదే.